ఊపిరి తగ్గిన వేళ మెదడు చేసే పని
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీ సాబ్ నన్ను పిలిచి, "ఆరోగ్యం మీద ఏదైనా ఒక అరగంట చెప్పండి, మరీ కష్టమైన మాటలు వద్దు" అన్నారు. షుగరు గురించి, బీపీ గురించి మీరు చాలాసార్లు విన్నారు, ఇంకా వింటారు. అంచేత ఈసారి ఎవరూ అంతగా మాట్లాడని సంగతి ఒకటి ఎత్తుకుంటున్నాను. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ తగ్గిపోతే మెదడుకు పోయే రక్తం ఏం చేస్తుంది? మన పాత పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఆమ్లజని అనీ ప్రాణవాయువు అనీ రాసేవారు. నేను ఆక్సిజన్ అనే అంటాను. 2021 తర్వాత ఆ మాట తెలియని ఇల్లు లేదు కదా.

ఇది పెద్ద డాక్టర్ల సంగతి, మనకెందుకు అనుకోకండి. నాచారం, ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియాల్లో పని చేసే పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. వెల్డింగు పనివాళ్లు, ట్యాంకులు కడిగేవాళ్లు, డ్రైవర్లు ఉన్నారు. గ్యాస్ గీజరు బాత్రూంలోనే బిగించుకున్న ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. వీళ్లందరికీ ఈ విషయంతో నేరుగా పని ఉంది.

ముందు కొంచెం లెక్క చెప్పుకుందాం. మనిషి మెదడు బరువు కిలోన్నరకు లోపే. ఒంటి బరువులో అది నూటికి రెండు పాళ్లు. కాని మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒళ్లు మొత్తం వాడే ఆక్సిజన్‌లో సుమారు అయిదో వంతు మెదడు ఒక్కటే తీసుకుంటుంది. గుండె నిమిషానికి పంపే అయిదు లీటర్ల రక్తంలో ముప్పావు లీటరు దాకా మెదడుకే పోవాలి. పైగా మెదడుకు దాచుకునే అలవాటు లేదు. కాలి కండరం కాసేపు అప్పుమీద బతుకుతుంది. మెదడు మాత్రం ఏ పూట కూలి ఆ పూట తినే మనిషి లాంటిది. మెదడుకు పోయే రక్తం పూర్తిగా ఆగితే పది సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు కణాలు పాడవడం మొదలవుతుంది.

ఇంత అవసరం ఉన్న అవయవానికి సరఫరా ఏర్పాటు కూడా అంత జాగ్రత్తగానే ఉంది. మెదడు రక్తనాళాలు ఊరికే పడి ఉండే పైపులు కావు. వాటి గోడల్లో సన్నని కండరం ఉంటుంది. అవసరాన్ని బట్టి అది సడలుతుంది, బిగుస్తుంది. సడలితే నాళం వెడల్పై ఎక్కువ రక్తం పోతుంది, బిగుసుకుంటే తగ్గుతుంది. నాళం కొద్దిగా వెడల్పయినా ప్రవాహం చాలా పెరుగుతుంది.

ఈ సంగతిని బతికున్న మనిషిలో కొలిచి చూపించినవారు అమెరికాలో కెటీ, ష్మిట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు. పుర్రె తెరవకుండా మెదడు రక్తాన్ని కొలిచే ఉపాయం 1945లో ప్రకటించారు. మత్తు డాక్టర్లు వాడే నైట్రస్ ఆక్సైడు వాయువును కొంచెం పీల్పించి, మెదడుకు పోయే రక్తంలో అది ఎంత ఉంది, మెదడు నుంచి మెడ సిర ద్వారా దిగే రక్తంలో ఎంత ఉంది అని పోల్చి లెక్క కట్టారు. 1948లో వాళ్లు ప్రకటించిన ఫలితాల్లో రెండు మనకు కావాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్లు. దాన్ని 10 పాళ్లకు తగ్గించి పీల్పిస్తే మెదడుకు పోయే రక్తం సుమారు నూటికి 35 పాళ్లు పెరిగింది. ఆక్సిజన్ అలాగే ఉంచి, 5 నుంచి 7 పాళ్ల కార్బన్ డయాక్సైడు కలిపి పీల్పిస్తే మాత్రం ఆ రక్తం ఏకంగా 75 పాళ్లు పెరిగింది. కార్బన్ డయాక్సైడు అంటే మనం బయటికి వదిలే గాలిలో ఉండేదే, పాత పుస్తకాల బొగ్గుపులుసు వాయువు.

ఈ రెండు అంకెల మధ్య తేడాను జ్ఞాపకం పెట్టుకోండి. ఆక్సిజన్ సగానికి సగం పోయినా మెదడు రక్తనాళాలు కదిలింది కొంతే. కార్బన్ డయాక్సైడు కాస్త ఎక్కువ కాగానే అవి బార్లా తెరుచుకున్నాయి. రక్తంలో ఆక్సిజన్ కొంచెం కొంచెం తగ్గుతున్నంత సేపు మెదడు నాళాలు పెద్దగా పట్టించుకోవు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు అంకె 90కి అటూ ఇటూ దిగేసరికి గాని అవి గట్టిగా స్పందించవు. ఆ గీత దాటితే మాత్రం రక్తం జోరుగా పెరుగుతుంది.

ఎలా పెరుగుతుంది అనే చోట మన తెలుగువాడి పేరు ఒకటి చెప్పుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్లి, ఫిస్కే అనే ఆయనతో కలిసి కండరంలో శక్తినిచ్చే రసాయనాలను వెలికి తీశారు. అందులో ఏటీపీ అనేది ఒకటి. 1929లో దాన్ని వీరూ, జర్మనీలో లోమాన్ అనే ఆయనా వేర్వేరుగా కనుగొన్నారు. ఒంట్లో ప్రతి కణం ఖర్చు పెట్టే చిల్లర ఈ ఏటీపీ. ఆక్సిజన్ తగ్గితే ఏటీపీ తయారీ కుంటుపడి, ఉన్నది విరిగి ఎడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. ఎడినోసిన్ పక్కనున్న రక్తనాళాన్ని సడలిస్తుంది. అంటే ఖాళీ అయిన కొట్టే కబురు పంపి సరుకు తెప్పించుకుంటుందన్నమాట. ఇదొక్కటే కాదు, నైట్రిక్ ఆక్సైడు కూడా ఈ పనిలో పాలు పంచుకుంటుంది. నాళం గోడలోని పొటాషియం ద్వారాలు తెరుచుకోవడం కూడా ఉంది. ఏది ఎంత అనే వాదంలోకి మనం పోనక్కరలేదు.

ఇక ఇందులోని చిక్కు చెబుతాను. మన ఇళ్లలో "దమ్ ఘుట్ రా" అంటాం. గది నిండా జనం చేరితే, దుప్పటి ముసుగు మొహం మీద కప్పితే, ఊపిరి బిగబడితే అలా అంటాం. ఆ ఉక్కిరిబిక్కిరి ఎందువల్ల పుడుతుందని అడిగితే నూటికి తొంభై మంది ఆక్సిజన్ తగ్గడం వల్ల అంటారు. నిజానికి ఆ బాధ ముఖ్యంగా కార్బన్ డయాక్సైడు పోగవడం వల్ల పుడుతుంది. మెడలో పెద్ద ధమని చీలే చోట ఆక్సిజన్‌ను కనిపెట్టే చిన్న కాపలాదారు ఒకటుంది. ఈ కాపలాదారు ఊపిరిని ఎలా నడుపుతుందో తేల్చినందుకే బెల్జియం శాస్త్రజ్ఞుడు హేమన్స్‌కు 1938 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆక్సిజన్ బాగా తగ్గాక అది ఊపిరిని వేగం చేస్తుంది. కాని ఊపిరి వేగమైతే కార్బన్ డయాక్సైడు ఎక్కువగా బయటికి పోతుంది. అది తగ్గితే ఒకవైపు దమ్ ఘుటే బాధ తెలియదు, రెండోవైపు మెదడు నాళాలు బిగుస్తాయి. ఒక చెయ్యి నల్లా తిప్పుతుంటే ఇంకో చెయ్యి కట్టేస్తున్నట్టు. కెటీ, ష్మిట్‌లకు 35 పాళ్లే కనబడ్డానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి గాలిలో ఆక్సిజన్ మాత్రమే తగ్గి, వదిలే గాలి మామూలుగా బయటికి పోతూ ఉంటే మనిషికి ఏ కబురూ అందదు. బాధ ఉండదు, భయం ఉండదు. కొందరికి హుషారు కూడా వస్తుంది. 1875 ఏప్రిల్ 15న ఫ్రాన్సులో ముగ్గురు జెనిత్ అనే బెలూన్‌లో ఎనిమిది వేల మీటర్లు దాటి పైకి పోయారు. పైన ఆక్సిజన్ చాలదని తెలిసే, సంచుల్లో నింపుకుని వెంట తీసుకుపోయారు. సంచులు తల పక్కనే వేలాడుతున్నాయి. చెయ్యి చాచి గొట్టం నోట పెట్టుకోవాలి, అంతే. ఆ చెయ్యి లేవలేదు. ఇద్దరు పోయారు. బతికిన టిసాండియే అనే ఆయన తర్వాత రాసినదాన్ని బట్టి, ఆ వేళ ఆయనకు ప్రమాదంలో ఉన్నాననే ఆలోచనే లేదు, సంతోషంగా ఉందట.

మనవాళ్ల సంగతికి వద్దాం. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని పోతే భువనగిరి గుట్ట వస్తుంది. ఆ బండ మీద తాళ్లు పట్టుకుని ఎక్కడం నేర్చుకున్న మలావత్ పూర్ణ అనే నిజామాబాద్ జిల్లా అమ్మాయి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ ఆమెతో ఉన్నాడు. ఎవరెస్టు మీద గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో మూడో వంతే. మనల్ని ఇక్కణ్ణుంచి ఎత్తి నేరుగా అక్కడ పెడితే రెండు మూడు నిమిషాల్లో స్పృహ పోతుంది. వాళ్లు వారాల తరబడి మెట్టు మెట్టుగా ఎక్కుతారు, పైన సిలిండరు వాడతారు. 1960లలో అమెరికాలో 3,800 మీటర్ల కొండ మీద కొలిచి చూశారు. పైకి చేరిన కొద్ది గంటల్లో మెదడు రక్తం దాదాపు పావు వంతు పెరిగింది, మూడు నాలుగు రోజులయ్యేసరికి ఆ పెరుగుదలలో సగమే మిగిలింది. ఊపిరి, రక్తం కలిసి సర్దుకునేసరికి మెదడు నాళాల మీద భారం తగ్గుతుంది. మన కుటుంబాలు కూడా ఈమధ్య విమానంలో లేహ్‌కు విహారయాత్ర పోతున్నాయి. అది సుమారు 3,500 మీటర్ల ఎత్తు. మన హైదరాబాదు ఎత్తు అయిదు వందల మీటర్లకు కాస్త పైన. దిగిన రోజూ, మర్నాడూ మంచం మీద ఉండండి. తలనొప్పి తగ్గకుండా, నడక తూలుతుంటే వెంటనే కిందికి దింపాలి. దీని మీద ఇంతకంటే చెప్పను, ఎందుకంటే మనలో లేహ్ పోయేవాళ్లకంటే గుంతల్లో దిగేవాళ్లు ఎక్కువ.

ఇప్పుడు ఆ సంగతే. కేరళలో కోజికోడ్ పట్టణంలో 2015 నవంబరు 26న ఒక మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు కూలీలు పైకి రాలేదు. ఆ ఇద్దరూ మన తెలుగువాళ్లు, ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్ట చేతబట్టుకుని పోయినవాళ్లు. దారిన పోతున్న ఒక ముస్లిం ఆటో డ్రైవరు ఆగి, వాళ్లను కాపాడదామని దిగాడు. వాళ్లెవరో అతనికి తెలియదు, వాళ్ల భాష కూడా తెలియకపోవచ్చు. ముగ్గురూ పోయారు. ఆ యువకుడి మంచితనం గురించి దేశమంతా మాట్లాడుకుంది, మాట్లాడుకోవలసిందే. నేను ఇక్కడ అడిగేది వేరే ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్న యువకుడు, ఊపిరి బిగబట్టి రెండు నిమిషాలు నిలవగలిగే వయసువాడు, క్షణాల్లో ఎందుకు పడిపోయాడు?

వాడకంలో లేని గుంతలో, సెప్టిక్ ట్యాంకులో సూక్ష్మజీవులు కుళ్లును తింటూ ఆక్సిజన్‌ను ఖర్చు చేసేస్తాయి. చాలా కాలం మూసి ఉంచిన ఇనప ట్యాంకులో తుప్పు పట్టడానికే ఆక్సిజన్ అయిపోతుంది. ఫ్యాక్టరీల్లో నిప్పు అంటుకోకుండా ట్యాంకుల్లో నత్రజని నింపుతారు. వెల్డింగుకు వాడే ఆర్గాన్ గాలికంటే బరువు, అడుగున చేరి కూర్చుంటుంది. ఇలాంటి చోట మనిషి ఒక్క శ్వాస పీల్చాడనుకోండి. ఊపిరితిత్తులకు కొత్త ఆక్సిజన్ రాకపోవడం ఒక్కటే జరగదు. రక్తంలో అంతకుముందు ఉన్న ఆక్సిజన్ కూడా తిరిగి ఊపిరితిత్తుల్లోకి వచ్చి బయటికి పోతుంది. ఊపిరి బిగబట్టిన మనిషికి మిగిలే నిల్వ ఇతనికి మిగలదు. ఒకటి రెండు శ్వాసలకు ఆ ఉత్త రక్తం గుండె దాటి మెదడుకు చేరుతుంది. ఎనిమిది పది సెకన్లలో కాళ్లు మడుస్తాడు. కార్బన్ డయాక్సైడు ఎప్పటిలాగే బయటికి పోతోంది కాబట్టి దమ్ ఘుటదు. "నాకేదో అవుతోంది, తాడు లాగండి" అని అరవడానికి కూడా వ్యవధి ఉండదు.

మరి మెదడు నాళాలు తెరుచుకుంటాయన్నారే, అవి కాపాడవా అని మీరు అడగాలి. ఎండాకాలంలో మన బస్తీల్లోకి నీళ్ల ట్యాంకర్లు వస్తాయి కదా. సగం నిండిన ట్యాంకర్లు వస్తుంటే రెండింతలు తెప్పించుకుని సర్దుకోవచ్చు. వచ్చినవన్నీ ఖాళీ ట్యాంకర్లే అయితే ఎన్ని తెప్పించినా బిందె నిండదు. మెదడుకు అందేది రక్తం ఎంత అనేదొక్కటే కాదు, ఆ రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉంది అనేది కూడా. లేహ్‌లో సగం ట్యాంకరు సామెత. మ్యాన్‌హోల్‌లో ఖాళీ ట్యాంకరు.

దీనికి తోడు మురుగులో హైడ్రోజన్ సల్ఫైడు ఉంటుంది. కొంచెం ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది, గాలి బాగుపడింది అనుకుని దిగినవాళ్లున్నారు. ఈ వాయువు కణం లోపల ఆక్సిజన్‌ను వాడుకునే యంత్రాన్నే ఆపేస్తుంది. ట్యాంకరు నిండుగా వచ్చినా ఇంట్లో కుండ మూత తెరుచుకోదు.

పల్లెల్లో పాడుబడ్డ బావిలో దిగేముందు దీపం దించి చూసేవారు. ఆరిపోతే దిగేవారు కారు. ఆ పెద్దల తెలివిని తీసెయ్యలేం. కాని సెప్టిక్ ట్యాంకు మీద అది పనికిరాదు, చాలా ప్రమాదం. అక్కడ మీథేన్ ఉంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. పైగా దీపం వెలిగినంత మాత్రాన హైడ్రోజన్ సల్ఫైడు లేదని కాదు. గ్యాసు కొలిచే మీటరు ఉండాలి, గాలి కొట్టే బ్లోయరు ఉండాలి, దిగేవాడి ఒంటికి బెల్టు, బెల్టుకు తాడు, పైన లాగేవాళ్లు ఉండాలి. లోపల ఒకడు పడిపోతే ఇంకొకడు దిగకూడదు. తాడు ఉంటే పైనుంచే లాగాలి, బ్లోయరుంటే గాలి కొట్టాలి, 101కి, 108కి ఫోను చెయ్యాలి. తమ్ముడు లోపల ఉంటే అన్న ఆగడని నాకు తెలుసు. అందుకే ఈ మాట ఇక్కడ చెప్పడం కంటే ఇంట్లో భోజనాల దగ్గర ముందే అనుకోవడం మంచిది. ఆ సమయంలో ఆలోచించే వ్యవధి ఎవరికీ ఉండదు.

మన తూర్పు వైపునే, సాహెబ్ నగర్‌లో, 2021 ఆగస్టులో ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో ప్రాణాలు వదిలారు. అప్పటికే ఎనిమిదేళ్లుగా చట్టం ఉంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలో గాని సెప్టిక్ ట్యాంకులో గాని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. దించినవాడు కాంట్రాక్టరయినా, ఇంటి యజమానయినా ఒకటే. 2014లో సుప్రీంకోర్టు చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మనుషులను దించి మురుగు శుభ్రం చేయించడం ఆపాలని ఆదేశించింది. ఈ వివరాలు ఎందుకంటే, మన ఇళ్లలో కూడా ట్యాంకు నిండితే నాలుగు వందలు తక్కువకు వస్తాడని బకెట్టు మనిషిని పిలుస్తాం. మిషను బండిని పిలవండి. మిగిలిన నాలుగు వందలు ఎవరి ఊపిరి నుంచి మిగిలాయో ఇప్పుడు మీకు తెలుసు.

రెండో శత్రువు ఇంట్లోనే ఉంటుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడు. బొగ్గు, కట్టె, గ్యాసు, డీజిలు, ఏదయినా గాలి చాలక అరకొరగా మండితే ఇది పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇందాకటి ట్యాంకర్లలో ఎవరో ఇసక నింపి మూత పెట్టినట్టు. మెడ దగ్గర కాపలాదారు కూడా దీన్ని సరిగా పసిగట్టలేడు, ఎందుకంటే వాడు చూసేది రక్తంలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఒత్తిడిని, అది మామూలుగానే ఉంటుంది. ఊపిరి వేగం కాదు. మెదడు నాళాలు మాత్రం కొరత గ్రహించి తెరుచుకుంటాయి, అంచేతనేమో మొదట తెలిసేది తలనొప్పి. తర్వాత వాంతి వచ్చినట్టుంటుంది, కాళ్లలో సత్తువ పోతుంది. స్నానానికి పోయిన పిల్ల తలుపు తియ్యకపోతే అలసి కూర్చుందనుకుంటారు.

బాత్రూంలో గ్యాస్ గీజరు, చలికాలంలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి, దుకాణం షట్టరు దించి లోపల జనరేటరు, ఏసీ వేసుకుని ఇంజను నడుస్తున్న కారులో నిద్ర. ఈ నాలుగూ ఒకటే జాతి. తలుపులు బార్లా తెరవండి, మనిషిని బయటి గాలికి తీసుకురండి, 108కి చెప్పండి. తేరుకున్నాడని ఇంట్లో పడుకోబెట్టొద్దు. మామూలు గాలిలో ఈ విషం సగం దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆసుపత్రిలో మాస్కు పెట్టి పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో దిగుతుంది.

ఊపిరిని చూడాలా, నాడిని చూడాలా అనే పెద్ద తగువు ఒకటి మన ఊళ్లోనే జరిగిందని చాలామందికి తెలియదు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో లారీ అనే రెసిడెన్సీ సర్జను ఉండేవారు. క్లోరోఫారం మత్తులో రోగులు ఎందుకు చచ్చిపోతున్నారో తేల్చడానికి 1888లో ఒక కమిషను, 1889లో ఇంకొకటి కూర్చున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారు డబ్బు ఇచ్చారు. లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు వచ్చారు. వందల జంతువుల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరి, గుండె ఆ తర్వాతే ఆగుతుంది, కాబట్టి నాడి పట్టుకుని కూర్చోక ఊపిరిని చూడండి అని తీర్పు చెప్పారు. ఆ మెడికల్ స్కూలులో చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకుంటారు. మన ఆడపిల్లలు ఆ పేరు గుర్తుంచుకోవాలి. తీర్పు పూర్తిగా నిలవలేదు. 1911లో లెవీ అనే డాక్టరు, క్లోరోఫారం కొన్నిసార్లు గుండెనే నేరుగా ఆపగలదని రుజువు చేశాడు. ఆ ఆసుపత్రి భవనమే 1908 మూసీ వరదలో కొట్టుకుపోయింది, తర్వాతే ఉస్మానియా ఆసుపత్రి లేచింది. కాని ఊపిరిని చూడండి అన్న సగం మాట ఈనాటికీ నిజం. నాడి పాడయ్యేసరికి మెదడు చాలాసేపటి నుంచి పస్తు ఉన్నట్టే.

వాళ్ల దగ్గర లేనిది, మన దగ్గర ఉన్నది వేలి ఆక్సీమీటరు. జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి 1974లో దీని సూత్రం బయటపెట్టాడు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఇది లేక మన బస్తీల్లో ఒక్కటే మీటరు పది ఇళ్లు తిరిగింది. అప్పుడు అందరికీ అంతుపట్టని సంగతి ఒకటి జరిగింది. మనిషి ఫోనులో మాట్లాడుతూనే ఉంటాడు, చాయ్ తాగుతాడు, మీటరు 80 చూపిస్తుంది. "నాకేం లేదు భాయ్, మీ మిషను పాడైంది" అంటాడు. ఇప్పుడు మీకు కారణం అర్థమైపోయి ఉండాలి. ఊపిరితిత్తి దెబ్బతిని ఆక్సిజన్ లోపలికి పోవడం లేదు, కార్బన్ డయాక్సైడు మాత్రం సుళువుగా బయటికి పోతోంది. దమ్ ఘుటే బాధ లేదు. మెదడు నాళాలు తెరుచుకుని చాలాసేపు నెట్టుకొచ్చాయి. ఆ నెట్టుకురావడం చూసి మనం బాగున్నాడనుకున్నాం. ప్రభుత్వం 94 అనే గీత పెట్టింది అందుకే. 90 దగ్గర మెదడు నిచ్చెన చివరి మెట్టు మీద ఉంటుంది, అంతదాకా ఆగితే ఆసుపత్రి వెతికే వ్యవధి ఉండదు.

ఆక్సీమీటరుకు లోపాలున్నాయి. కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తాన్ని అది ఆక్సిజన్ ఉన్న రక్తం అనుకుంటుంది, 98 చూపిస్తుంది. నల్లటి చర్మం మీద అంకె కొంచెం ఎక్కువ చూపవచ్చని 2020లో అమెరికాలో తేలింది. గోళ్లకు మెహందీ, రంగు ఉంటే కూడా చూసుకోవాలి. ఇంకోటి, ఒంట్లో రక్తమే తక్కువైతే ఆ మీటరుకు తెలియదు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ట్యాంకర్ల సంఖ్యే తక్కువ, ఉన్నవి నిండుగా ఉన్నాయి. వాళ్ల మెదడు ప్రతిరోజూ ఎక్కువ రక్తం తెప్పించుకుంటూనే బతుకుతోంది, అంటే కష్టకాలానికి దాచిన వెసులుబాటు ముందే ఖర్చవుతోంది. పెళ్లీడు ఆడపిల్లకు, గర్భిణికి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు డబ్బాలో దాచొద్దు.

ప్రసంగం అయ్యాక కొందరు ప్రశ్నలు అడిగారు. వాటిలో రెండు ఇక్కడ రాస్తున్నాను.

గురక పెట్టేవాళ్లకు కూడా ఇలా జరుగుతుందా అని ఒక పెద్దాయన అడిగారు. గురక మధ్యలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే అవును. అక్కడ ఆక్సిజన్ తగ్గడం, కార్బన్ డయాక్సైడు పెరగడం రెండూ కలిసి జరుగుతాయి, రాత్రంతా మెదడు రక్తం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. పొద్దున తలనొప్పి, పగలు కునుకు ఉంటే డాక్టరుకు చూపించాలి. ముఖ్యంగా బండి నడిపేవాళ్లు.

ఒక ఆపా లేచి, "మాది కిరాయి ఇల్లు. బాత్రూంలో గ్యాస్ గీజరే ఉంది, కిటికీ పెట్టడానికి ఇంటి ఓనరు ఒప్పుకోడు, ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. గీజరును బాత్రూం బయటి గోడకు, ఆరుబయట గాలి ఆడే చోట బిగించుకుని పైపు ఒక్కటే లోపలికి తెచ్చుకోవచ్చు. ప్లంబరుకు అది ఒక పూట పని. దానికీ ఒప్పుకోకపోతే గీజరు వాడకుండా, వంటింట్లో కిటికీ తెరిచి నీళ్లు కాచుకుని బకెట్టుతో మోసుకుపోవడమే మేలు. ఈలోగా సొసైటీ తరఫున ఇద్దరు పెద్దలు వచ్చి ఓనరుతో మాట్లాడతామని అధ్యక్షులు గారు అక్కడే చెప్పారు.